మన పాదాలు: నొప్పి పెట్టే జబ్బులు, నొప్పి పెట్టని జబ్బులు

మన శరీరంలో మొత్తం 206 ఎముకలు ఉన్నాయని జీవశాస్త్రంలో చదువుకున్నాం. అందులో ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉంటాయి. రెండు పాదాలు కలిపితే 52. అంటే మన ఒంట్లో ఉన్న ఎముకల్లో నాలుగో వంతు పాదాల్లోనే ఉన్నాయన్నమాట. ఇన్ని చిన్న చిన్న ఎముకలు ఎందుకంటే, మనం నడిచే నేల ఒక్క తీరుగా ఉండదు. రాయి మీద అడుగు పెడితే పాదం రాయికి తగ్గట్టు వంగాలి, బురదల పెడితే బురదకు తగ్గట్టు పరుచుకోవాలి. పాదమంతా ఒక్కటే ఎముక అయితే కొయ్యకాళ్ళ మీద నడిచినట్టు నడిచేవాళ్ళం.

ఈసారి గోడపత్రికకు ఆరోగ్యం మీద వ్యాసం రాయమని సైన్స్ మేడం చెప్పారు. మలేరియా మీద, తాగే నీళ్ళ మీద ఇంతకు ముందే అక్కలు రాసేశారు. నేను పాదాలు తీసుకున్నాను. మాది ఏటూరునాగారం దిక్కు అడవిలో ఒక గూడెం. 2016 దాకా అది వరంగల్ జిల్లాలో ఉండేది, తర్వాత భూపాలపల్లి జిల్లా అయింది, 2019 నుంచి ములుగు జిల్లా. జిల్లా ఎన్నిసార్లు మారినా మా గూడెపోళ్ళకు కాళ్ళే బండి. మన హాస్టల్లో పొద్దున అద్దం దగ్గర ఎంత తోపులాటో అందరికీ తెలుసు. అరికాలు చూసుకునేవాళ్ళు మాత్రం ఒక్కరు కూడా కనపడరు.

నీళ్ళు, బురద, ముల్లు

వానలు పడ్డంక ఇంటికి పోయినోళ్ళం నాట్లకు పోతాం. పొద్దంతా కాళ్ళు నీళ్ళల్లనే. అప్పుడు వేళ్ళ సందుల్లో, ముఖ్యంగా చిటికెన వేలుకు దాని పక్క వేలుకు మధ్యన, చర్మం తెల్లగా నాని పాచిపోతుంది. మొదట దురద, తర్వాత మంట, తర్వాత వాసన. ఇది చాలాసార్లు శిలీంధ్రం వల్ల వస్తుంది. ఒంటి మీద తామర చేసేది కూడా ఈ జాతిదే. తడి ఉన్న చోట ఇది పెరుగుతుంది. కాబట్టి మొదటి మందు పొడి గుడ్డ. కాళ్ళు కడుక్కున్నంక వేళ్ళ సందులు ఒక్కొక్కటీ తుడుచుకోవాలి. తగ్గకపోతే క్లోట్రిమజోల్ అనే పూత మందు ఉంది. దురద పోయింది కదా అని మూడో రోజు ఆపితే మళ్ళీ వస్తుంది, డాక్టరు చెప్పినన్ని వారాలు పూయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. షాపులో “దురదకు ట్యూబ్ ఇవ్వండి” అని అడిగితే కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిపిన ట్యూబ్ ఇస్తారు. రెండు రోజుల్లో హాయిగా అనిపిస్తుంది కానీ తామర లోపల లోపల ఇంకా పాకుతుంది. ట్యూబ్ ఒకరిది ఒకరు తీసుకునుడు కూడా వద్దు. తువ్వాల, చెప్పులు కూడా అంతే.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునేది అందానికే కాదు, నీళ్ళల్ల కాళ్ళు చెడకుండా అని మా నాయనమ్మ అంటది. పెట్టుకోండి, కానీ పగిలిన పుండు మీద పెట్టొద్దు.

చలికాలం మడమలు పగులుతాయి. ఉత్త కాళ్ళతో నడిచే మనకు మడమ చర్మం మందంగా, ఎండిపోయి ఉంటుంది. బరువు పడ్డప్పుడు అది సాగలేక చీలుతుంది. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి, మెత్తగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాయాలి. పొడి మడమకు రాసినదానికన్నా ఇట్ల రాస్తే మంచిగ పనిచేస్తుంది, ఎందుకంటే లోపల ఉన్న తడిని నూనె బయటికి పోనివ్వదు. ఆనెకాయలు బిగుతు బూట్ల వల్ల, ఒకే చోట ఒత్తిడి వల్ల వస్తాయి. వాటిని బ్లేడుతో చెక్కుతారు కొందరు. చెక్కొద్దు, ఒత్తిడి తీయాలి, అంటే చెప్పు మార్చాలి. కాలి గోళ్ళు మూలలు గుండ్రంగా లోపలికి కత్తిరిస్తే గోరు కండలోకి పెరుగుతుంది. తిన్నగా కత్తిరించుకోవాలి.

మేడారం జాతరకు నడిచి వచ్చేటోళ్ళను చూసే ఉంటారు. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. దూరం నుంచి నడిచినోళ్ళ కాళ్ళకు నీటి బొబ్బలు వస్తాయి. బొబ్బ మీది తోలు దేవుడు వేసిన కట్టు అనుకోండి, దాన్ని పీకొద్దు. శుభ్రమైన గుడ్డ కట్టి దానంతట అది ఎండనివ్వాలి.

ముల్లు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముల్లు దిగిన చోట జిల్లేడు పాలు పోస్తే పైకి వస్తుందని మన ఊళ్ళల్ల చేస్తారు. ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి. ఆ చేత్తోనే కన్ను నలుపుకుంటే కన్ను దెబ్బతింటుంది. మరిగించిన నీళ్ళలో వేసి తీసిన సూదితో తీసి, సబ్బుతో కడగడమే మంచిది. లోతుగా విరిగిపోతే కెలకకుండా దవాఖానకు పోవాలి. ముల్లు గానీ మేకు గానీ గుచ్చుకున్నప్పుడు ధనుర్వాతం భయం ఉంది. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. ఇనుము తుప్పు వల్ల వస్తుందని అందరూ అనుకుంటారు గానీ తుప్పుది తప్పు కాదు, తుప్పుకు అంటిన మట్టిది. దీనికి టీకా 10 ఏళ్ళప్పుడు ఒకటి, 16 ఏళ్ళప్పుడు ఒకటి ఇస్తారు. మనం మధ్యలో ఉన్నాం. మట్టి గాయం అయితే ముందటి టీకా ఎప్పుడు వేసుకున్నామో ఏ.ఎన్.ఎం. అక్కకు చెప్పి, మళ్ళీ అవసరమా అని అడగాలి.

బెణికిందా, విరిగిందా?

కబడ్డీ ఆడేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, చెట్టు మీది నుంచి దుంకినప్పుడు పాదం లోపలికి మడత పడుతుంది. చీలమండ దగ్గర ఎముకను ఎముకకు కట్టి ఉంచేవి సంధి బంధనాలు. ఇవి బయటి వైపు మూడు ఉంటాయి (పక్కన బొమ్మలో ఎర్ర స్కెచ్‌తో గీసినవి). పాదం మడత పడ్డప్పుడు అవి సాగుతాయి, ఎక్కువైతే తెగుతాయి. లోపల సన్న రక్తనాళాలు చిట్లి వాస్తుంది. ఇదే బెణుకు.

బెణికితే మనం ఏం చేస్తం? నూనె పోసి గట్టిగా రుద్దుతం. ఒకరు కాలు పట్టుకొని గుంజుతరు. చింతపండు, ఉప్పు కాచి వేడి వేడి పట్టు వేస్తరు. మొదటి రెండు రోజులు రుద్దినా, వేడి పెట్టినా లోపల రక్తం ఇంకా కారి వాపు ఎక్కువవుతుంది. చేయాల్సింది దీనికి ఉల్టా. నడక ఆపాలి. కుండ నీళ్ళలో తడిపిన గుడ్డ పావుగంట పెట్టి తీయాలి, రెండు మూడు గంటలకోసారి మళ్ళీ పెట్టాలి. క్రేప్ బ్యాండేజీ ఉంటే వేళ్ళ దిక్కు నుంచి పైకి చుట్టాలి. పండుకున్నప్పుడు కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. మన ట్రంకు పెట్టె మీద దుప్పటి మడిచి వేస్తే ఎత్తు సరిగ్గా సరిపోతుంది.

రెండు మూడు రోజులకు వాపు దిగినంక కదిలించాలి. కదిలించకుండా నెల రోజులు ఉంచితే చీలమండ బిర్రుగ అయిపోతుంది. దీనికి ఒక మంచి వ్యాయామం ఉంది. బొటనవేలితో గాలిలో అ నుంచి బండి ఱ దాకా రాయాలి. చిన్న క్లాసు చెల్లెండ్లకు ఇది చదువూ అవుతుంది, మందూ అవుతుంది. తర్వాత గోడ పట్టుకొని బెణికిన కాలు మీద ఒంటికాలిపై నిలబడడం నేర్చుకోవాలి. ఇది చేయకుండా ఆటకు పోయినోళ్ళకే మళ్ళీ మళ్ళీ అదే కాలు బెణుకుతుంది.

మరి విరిగిందో బెణికిందో ఎట్ల తెలుస్తుంది? వాపు చూసి చెప్పలేం. బెణికినా గుమ్మడికాయ అంత వాస్తది. దీనికి కెనడా దేశంలో ఒటావా నగరంలోని డాక్టర్లు 1992లో ఒక పద్ధతి రాశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. దెబ్బ తగిలిన కాలు మీద నాలుగు అడుగులు వేయగలదా? కుంటుకుంటూ వేసినా సరే. అస్సలు వేయలేకపోతే ఎక్స్‌రే తీయాలి. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముక ఉంది కదా, దాని కొసన గానీ వెనక అంచున గానీ వేలితో ఒత్తితే నొప్పి ఉందా? ఉంటే ఎక్స్‌రే తీయాలి. పాదం బయటి అంచు మధ్యలో ఒక బుడిపె తగులుతుంది, పాదం లోపలి వైపు కూడా ఒకటి, అక్కడ ఒత్తితే నొప్పి ఉన్నా అంతే. నాలుగు అడుగులు, ఒక వేలు. దీనికి మిషను అక్కర్లేదు, అందుకే నాకు ఇది చాలా నచ్చింది. అయితే తాగి ఉన్నవాళ్ళ మీద, కాలు తిమ్మిరి ఉన్నవాళ్ళ మీద ఇది నమ్మరాదు, ఎందుకంటే వాళ్ళకు నొప్పి సరిగ్గా తెలియదు.

కట్టు గురించి

ఎముక విరిగితే మన దగ్గర కట్టు కట్టేటోళ్ళు ఉన్నారు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు అని రాష్ట్రాలు దాటి పేరుంది. మన పెద్దోళ్ళకు ఏమీ తెలియదు అని నేను అనడం లేదు. దవాఖాన రెండు రోజుల నడక దూరంలో ఉన్న కాలంలో విరిగిన కాలును వెదురు బద్దలతో కదలకుండా ఆపింది వాళ్ళే. కదలకుండా ఆపడం సరైన వైద్యమే, దవాఖానలో పిండికట్టు వేసేది కూడా అందుకే. కానీ చేత్తో తడిమితే లోపల ఎముక ఎన్ని ముక్కలైందో కనపడదు. ఇంకొకటి, బిగుతు.

మా గూడెంలో ఒకాయన చెట్టు మీది నుంచి పడితే చీలమండ పైన విరిగింది. వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టారు. రాత్రి నొప్పికి అరుస్తుంటే “నొప్పి ఉంటేనే ఎముక అతుకుతది” అన్నారు. మూడో రోజు నొప్పి పోయింది. అందరూ తగ్గింది అనుకున్నరు. తగ్గలేదు, వేళ్ళు చచ్చిపోయినయి. పట్నం దవాఖానకు తీసుకుపోయేసరికి వేళ్ళు నల్లబడ్డాయి, సగం పాదం తీసేశారు. కట్టు కట్టినాయనది చెడ్డ మనసు కాదు, ఆయన మా చుట్టమే. విరిగిన చోట మొదటి రెండు మూడు రోజులు ఇంకా వాస్తుందని, కట్టు మాత్రం సాగదని, మధ్యలో రక్తం నలిగి ఆగిపోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఎవరు కట్టినా, దవాఖానలో పిండికట్టు వేసినా, వేళ్ళు బయటికి కనపడాలి. బొటనవేలి గోరు ఒత్తి వదలండి. తెల్లబడి, రెండు అంకెలు లెక్కపెట్టేలోపు మళ్ళీ ఎర్రబడాలి. వేళ్ళు చల్లబడినా, నీలంగా తిరిగినా, తిమ్మిరెక్కినా, ఎవరైనా వేలు కొద్దిగా లాగితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా కట్టు వదులు చేయించాలి. తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రి అయినా 108కి ఫోన్ చేయాలి. వరంగల్‌లో ఎం.జి.ఎం. పెద్ద దవాఖానలో ఎముకల డాక్టర్లు ఉంటారు.

నొప్పి లేని మచ్చ

పైన చెప్పినాయనకు నొప్పి పోయినప్పుడే అసలు ఆపద వచ్చింది. ఇది చదివినప్పటి నుంచి నాకు నొప్పి మీద గౌరవం వచ్చింది. నొప్పి లేకపోతే ఏమైతదో బాగా కనిపెట్టింది పాల్ బ్రాండ్ అనే డాక్టరు. ఆయన ఇంగ్లీషాయనే గానీ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టాడు, ఆ కొండల్లో కూడా మనలాంటి గిరిజనులే ఉంటారు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పనికి వచ్చాడు. కుష్టు వ్యాధి వేళ్ళను తినేస్తుందని అప్పుడు లోకమంతా అనుకునేది. తినదని ఆయన చూపించాడు. ఆ క్రిమి నరాలను పాడు చేస్తుంది. చీలమండ లోపలి వైపు నుంచి అరికాలుకు పోయే నరం చెడితే అరికాలుకు స్పర్శ పోతుంది. అప్పుడు ముల్లు దిగినా తెలియదు, చెప్పులో రాయి పడ్డా తెలియదు, నిప్పు మీద కాలు పెట్టినా తెలియదు. మనమైతే రాయి గుచ్చుకుంటే కుంటుతాం, కుంటడం వల్ల ఆ చోటుకు విశ్రాంతి దొరుకుతుంది. వాళ్ళు కుంటరు, ఎందుకంటే నొప్పి లేదు. అదే పుండు మీద నడుస్తూనే ఉంటారు. పాదం పోయేది అట్లా.

షుగరు ఉన్న పెద్దోళ్ళకు కూడా ఇట్లనే స్పర్శ పోతుంది. మీ ఇంట్లో తాతకో అమ్మమ్మకో షుగరు ఉంటే వాళ్ళ అరికాళ్ళు మీరే చూడండి, వాళ్ళ కండ్లకు ఆనవు.

కుష్టుకు మొదటి గుర్తు చాలాసార్లు ఒక మచ్చ. చుట్టూ చర్మం కన్నా పాలిపోయి గానీ ఎర్రగా గానీ ఉంటుంది. దురద పెట్టదు, నొప్పి ఉండదు, ముట్టుకుంటే తెలియదు. నడిచేటప్పుడు పాదం ముందు భాగం వేలాడి చెప్పు జారిపోవడం కూడా ఒక గుర్తే. ప్రతి తెల్ల మచ్చా కుష్టు కాదు, చాలా వరకు కాదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మన దేశంలో 2005 చివరికి ఈ వ్యాధి పది వేల మందిలో ఒకరి కన్నా తక్కువకు తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. మందు ఉంది. దాని పేరు ఎం.డి.టి., అంటే రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం. ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం. మచ్చలు ఐదు దాకా ఉంటే 6 నెలలు, అంతకన్నా ఎక్కువ ఉంటే 12 నెలలు వేసుకోవాలి. మందు మొదలైన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. స్పర్శ పోయినోళ్ళకు ఎం.సి.ఆర్. చెప్పులు అని అడుగున మెత్తని రబ్బరు ఉన్నవి ఇస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. నరం చెడి ఆరు నెలలు దాటకముందే మందు పడితే పోయిన స్పర్శ తిరిగి రావచ్చు. ఆలస్యమైతే క్రిమి చస్తుంది గానీ స్పర్శ రాదు. అంటే ఒక దసరా నుంచి వేసవి సెలవుల దాకా లంగా కింద మచ్చ దాచుకున్న అమ్మాయి తన పాదాన్నే పోగొట్టుకుంటుంది.

ఎందుకు దాస్తారో మనందరికీ తెలుసు. తోటి పిల్లలు పక్కన కూర్చోనివ్వరు, కంచం వేరే పెడతారు. అది ఒక భయం. ఇంకో భయం ఇంకా పెద్దది. జబ్బు చేసిందని ఇంటికి పంపుతారు, ఇంటికి పోతే మళ్ళీ పంపరు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. నాలాంటోళ్ళు ఈ హాస్టల్లో సగానికి పైనే ఉన్నారు. ఒక్క నెల ఇంట్లో ఉంటే ఏం మాట్లాడుతారో, ఎవరి సంబంధం వస్తదో మనకు తెలుసు. అందుకే జ్వరం వచ్చినా చెప్పరు, కాలు చీము పట్టినా సాక్సు తొడుక్కొని ప్రార్థనకు నిలబడుతారు. వార్డెన్ మేడం గారికి నా విన్నపం ఏమంటే, కాలు చూపించిన పిల్లను ఇంటికి కాకుండా దవాఖానకు పంపండి. ఎం.డి.టి. వేసుకుంటూ హాస్టల్లోనే ఉండి చదువుకోవచ్చు, వేరే కంచం అక్కర్లేదు. ఈ మాట ఒకసారి ప్రార్థనలో అందరి ముందు మీరు చెప్తే చాలామంది చూపిస్తారు.

పుట్టుకతో పాదం లోపలికి వంకర తిరిగిన పిల్లలను కూడా దాస్తారు. గ్రహణం పట్టింది అంటారు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. అమెరికాలో పోన్సెటి అనే డాక్టరు చూపిన పద్ధతిలో, పుట్టిన కొద్ది వారాల నుంచే వారానికి ఒకసారి పాదాన్ని మెల్లగా తిప్పి పిండికట్టు మారుస్తారు. ఐదారు కట్లకు పాదం తిన్నగా వస్తుంది. మడమ వెనక నరం లాగా ఉండే స్నాయువుకు చాలామందికి ఒక చిన్న గాటు పెడతారు. తర్వాత నాలుగేళ్ళ వయసు దాకా రాత్రుళ్ళు ప్రత్యేకమైన బూట్లు వేయాలి. చాలామంది ఈ బూట్లనే మానేస్తారు, మానేస్తే మళ్ళీ వంకర తిరుగుతుంది. మీ ఇంటి దగ్గర అట్లాంటి పసిపాప ఉంటే ఆశా అక్కకు చెప్పండి. 2013లో మొదలైన ఆర్.బి.ఎస్.కె. పథకం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే డాక్టర్లు చూసే వాటిలో ఇది కూడా ఉంది.

హాస్టల్లో చేయగలిగినవి

మరుగుదొడ్డికి, దాని వెనక ఖాళీ జాగకు ఉత్త కాళ్ళతో పోవద్దు. కొంకి పురుగు పిల్లలు తడి మట్టిలో ఉండి అరికాలి చర్మం గుండా లోపలికి పోతాయి. కొంచెం దురద తప్ప ఏమీ తెలియదు. పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయే వాళ్ళలో కొందరికి కారణం ఇదే కావచ్చు. 2015 నుంచి ఫిబ్రవరి 10న నులిపురుగుల దినం చేస్తున్నారు. ఆ రోజు ఇచ్చే ఆల్బెండజోల్ గోళీ చేదని కిటికీ లోంచి పారేసేవాళ్ళను నేను చూశాను, పేర్లు రాయడం లేదు. మరుగుదొడ్ల దగ్గర నాలుగైదు జతల రబ్బరు చెప్పులు అందరి కోసం పెడితే, ఎవరూ గదికి ఎత్తుకుపోకుండా తాడుతో కడితే బాగుంటుంది. కాళ్ళు కడిగే చోట నీళ్ళు నిలుస్తున్నాయి, అక్కడ ఒక బండ వేయించాలి.

ఆదివారం తలస్నానాలు అయినంక ఇద్దరిద్దరు జతగా కూర్చోండి. తన అరికాలు తను చూసుకోవడం కష్టం, అందుకే జత. వేళ్ళ సందులు, మడమ, అరికాలు, చీలమండ చుట్టూ చూడండి. మచ్చ కనపడితే ఆ అమ్మాయిని కళ్ళు మూసుకోమని, దూది కొసతో మెల్లగా ముట్టండి. ముందు బాగున్న చోట ఒకసారి, తర్వాత మచ్చ మీద ఒకసారి. ఎక్కడ ముట్టారో ఆమె వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే నవ్వొద్దు, గదిలో ఎవరికీ చెప్పొద్దు. ఇద్దరూ కలిసి ఏ.ఎన్.ఎం. అక్క దగ్గరికి పోండి.

— 9వ తరగతి విద్యార్థిని